బోల్టు మీద సుద్దగీత

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. గాలి లేదు, చలి ఉంది. షెడ్డు రేకుల అంచు నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటిగా సిమెంటు గచ్చు మీద పడుతున్నాయి. నా మేనకోడలు పోస్ట్‌మాన్ మోటారుసైకిలు పక్కన నేల మీద పడుకుని, ఇంజను అడుగున ఉన్న రంధ్రంలోకి టార్చిలైటు వేసి చూస్తోంది. నేను శాలువా కప్పుకుని మేడమెట్ల మీద కూర్చున్నాను. పైన మా తమ్ముడు లేచిన అలికిడి వినపడితే దగ్గడం నా పని. దగ్గినా అనుమానం రాని వయసు నాది.

"పోయిందత్తా," అంది కింద నుంచి. "మరలన్నీ పీచులా ఊడొచ్చేశాయి. బోల్టు ఊరికే తిరుగుతోంది."

"నిన్న సాయంత్రం బాగానే ఉంది కదే?"

"నేను బిగించినప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాత నాన్న చూశాడు."

ఆ వానాకాలమంతా మా ఇద్దరి మధ్య ఆ మాట తర్వాత మరో మాట ఉండేది కాదు.

షెడ్డు మా తమ్ముడిది. దాని మీద ఉన్న రెండు గదుల్లో మేం ముగ్గురం ఉండేవాళ్లం: వాడు, వాడి కూతురు, నేను. మరదలు చాలా ముందే పోయింది. నేను కళాశాలలో తర్కం బోధించి, పదవీ విరమణ చేశాక వాళ్ల దగ్గరకు చేరాను. "మా అక్క జీతం పుచ్చుకుని మరీ వాదించేది. ఇప్పుడు నాతో ఉచితంగా వాదిస్తోంది," అని వాడు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. బళ్లు తెచ్చేవాళ్లు వాడిని పెద్దమేస్త్రీ అనీ, నా మేనకోడలిని చిన్నమేస్త్రీ అనీ పిలిచేవారు.

ఇంజను అడుగున ఆయిలు బయటకు వదలడానికి ఒక బోల్టు ఉంటుంది. బోల్టు ఉక్కుది. దాన్ని పట్టుకుని ఉండే గూడు అల్యూమినియంది. తక్కువ బిగిస్తే ఆయిలు కారుతుంది. ఎక్కువ బిగిస్తే ఉక్కుకేమీ కాదు, గూటి లోపల బోల్టును పట్టుకునే మరలు చితికిపోతాయి. "ఇనుము చచ్చేముందు మూలుగుతుంది. అల్యూమినియం చెప్పకుండా చచ్చిపోతుంది," అనేవాడు మా తమ్ముడు. ఆగవలసిన చోటు మోచేతికే తెలియాలనేవాడు.

అంత జాగ్రత్త వాడికి పుట్టుకతో రాలేదు. పని కొత్తలో ఒకసారి ఆ బోల్టును వేళ్లతో ఎక్కించి, ఎవరో పిలిస్తే వెళ్లి, తిరిగొచ్చి బిగించానే అనుకుని బండి ఇచ్చేశాడు. ఆయిలు వెనక చక్రం మీద పడి, బండి జారి, దాని యజమానికి కాలు విరిగింది. ఆ మనిషి ఏమీ అనలేదు. అనకపోవడం వల్లే మా తమ్ముడు చాలా రోజులు తిండి మానేశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి తరగతిలో మిగిలే సుద్దముక్కలు తెచ్చిపెట్టమన్నాడు. అప్పటి నుంచి బోల్టు బిగించగానే, దాని తల మీద మొదలై ఇంజను ఒంటి మీదకు సాగేలా ఒక సుద్దగీత గీసేవాడు. షెడ్డుకంతటికీ ఒకటే నియమం: గీత ఉంటే ముట్టకు, గీత లేకపోతే నమ్మకు.

పని నేర్చుకునేవాళ్లు ఎన్నేళ్లు చేసినా, చివరి బిగింపూ గీతా వాడివే. ఎవరికైనా సుద్ద ఇచ్చాడంటే ఆ మనిషి మెకానిక్ అయినట్టు. కూతురన్న మొహమాటం కూడా వాడికి లేదు. ఆమె చిన్నప్పటి నుంచి ఆ గచ్చు మీదే పెరిగి, ఇంజను మొత్తం విప్పి మళ్లీ కూర్చగలిగినా, చివర్లో లేచి పక్కకు జరిగి నిలబడేది. చివరకు ఆ ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం, వాడు తన సుద్దను రెండుగా విరిచి ఒక ముక్క ఆమె చొక్కా జేబులో వేశాడు.

"ఇక నీ గీత నేను చూడను," అన్నాడు.

అంతే. మళ్లీ కార్బ్యురేటర్ మీదకు వంగిపోయాడు. పరీక్ష నెగ్గిన పిల్లలను ఎందరినో చూశాను గాని, అంత చప్పుడు లేకుండా సంతోషించిన మనిషిని చూడలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఎడమచేత్తో జేబు తడుముకుంటూనే ఉంది.

వానలు మొదలయ్యాక బోల్టుల గూళ్లు చెడిపోవడం మొదలైంది. మొదట ఒక మూత బోల్టు. సరుకు నాసిరకమని దుకాణం మార్చారు. తర్వాత మరో ఇంజనులో ఆయిలు బోల్టు. ఆ తర్వాత ఇంకొకటి. సుద్ద చేతికొచ్చిన కొత్తలోనే ఇలా జరగడంతో నా మేనకోడలు ముందుగా తన చేతినే అనుమానించింది. పాత తుక్కు ఇంజను ఒకటి ముందేసుకుని, బిగించి, విప్పి, మళ్లీ బిగించి చూసుకునేది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి అరచెయ్యి నా ముందు చాపింది.

"అత్తా, నా చెయ్యి బరువెక్కిందంటావా?"

"చేతులకు బరువెక్కదే. మనసుకెక్కుతుంది."

"జోకులొద్దు. సుద్ద తిరిగిచ్చేద్దామనుకుంటున్నా."

"కారణం తెలియకుండా శిక్ష వేసుకోకు. కొన్నాళ్లు ఆగు," అన్నాను.

ఆ కారణం నాకు ఉతికే బట్టల్లో దొరికింది. షెడ్డులో తుడిచే గుడ్డలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఆ వారం వాటి మడతల్లో తెల్లటి పొడి కనిపించింది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని మా తమ్ముడిని గమనించాను. బండి యజమానికిచ్చే ముందు ఇంజను తుడిచేది మొదటి నుంచీ వాడే. "ఇంటికెళ్లే బండి ముఖం కడుక్కుని వెళ్లాలి," అనేవాడు. గీత కూడా ఆ తుడుపులోనే పోయేది. తుడవగానే బండి గేటు దాటేది కాబట్టి అందులో ప్రమాదమేమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం వాడు కూతురు గీసిన గీతతో సహా ఇంజను తుడిచాడు. గుడ్డ మడిచాడు. స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు ఆ ఇంజనును కొత్తగా వచ్చిన బండిని చూసినట్టు చూశాడు. వంగి బోల్టు చూశాడు. గీత లేదు. స్పానర్ తీసి బిగించాడు, గీత గీశాడు, లేచాడు, గుడ్డ తీసుకుని తుడిచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ వంగాడు.

వాడు నియమం తప్పలేదు. గీత లేకపోతే నమ్మకు అన్నాడు, నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరికీ కాలు విరగకుండా కాపాడిన నియమమే, తుడిచిన సంగతి గుర్తులేని మనిషి చేతిలో ఇంజన్లను చంపుతోంది.

నా మేనకోడలికి చెప్పినప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "అయితే నా చెయ్యి కాదన్నమాట!" ఆ మాట అన్న నోటిని వెంటనే రెండు చేతులతో మూసుకుంది. తర్వాత చాలాసేపు ఆ చేతులు తియ్యలేదు.

కళ్లజోడు వంకతో వాడిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, జ్ఞాపకం ఇక తగ్గుతుందే గాని పెరగదని, చేతికి అలవాటైన పని చెయ్యగలిగినన్నాళ్లు చెయ్యనివ్వడమే మందని చెప్పాడు. తిరిగి వస్తూ నా మేనకోడలు ఒక్కటే కోరింది.

"నాన్నకు తెలియకూడదు. తన చేత్తో బళ్లు పాడవుతున్నాయని తెలిస్తే మళ్లీ స్పానర్ ముట్టుకోడు. ముట్టుకోకపోతే ఆయన ఎవరత్తా?"

"గీతకు సుద్ద బదులు రంగు వాడకూడదూ? తుడిచినా పోదు."

"ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? పైగా మొన్న నీ పాత గోళ్లరంగు సీసా తీసుకెళ్లి ఒక బోల్టుకు పెట్టి చూశాను. 'దీనికి పెళ్లిచూపులా?' అని గీకి పారేశాడు."

నవ్వాం. నవ్వు ఆగాక ఎటు చూడాలో ఇద్దరికీ తెలియలేదు.

కాబట్టి ఆమె చెయ్యగలిగింది ఒకటే. చెడిన గూటిని వాడు చూసేలోగా బాగుచెయ్యడం. పాత రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, ట్యాప్ అనే కోత పనిముట్టుతో కొత్త మరలు కోసి, వాటిలోకి ఉక్కుతీగ చుట్టను ఎక్కిస్తే, బోల్టు ఆ చుట్టను పట్టుకుని మునుపటికంటే గట్టిగా నిలుస్తుంది. అప్పటికి మూడు ఇంజన్లకు అలా చేసింది. పోస్ట్‌మాన్ బండి నాలుగోది.

ఆ ఉదయం ట్యాప్ రంధ్రంలో సగం దిగిన సమయంలో గేటు చప్పుడైంది. నేను కాపలా కాసింది మెట్లకు. వాడు వీధిలోంచి వచ్చాడు. మేం లేవకముందే లేచి, ఇంట్లో పాలుండగానే పాలకని వెళ్లాడు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పాల ప్యాకెట్టు. గొడుగు మూసే ఉంది, తల తడిసి ఉంది.

"పొద్దున్నే ఏం చేస్తున్నావే దానికి? ట్యాపా అది?"

ఆమె లేచి కూర్చుంది. దాచడానికి వీలు లేదు. వాడు పాలు పెట్టి వంగాడు. గచ్చు మీద నుంచి సన్నటి అల్యూమినియం పీచు ఒకటి తీసి, వేలికొన మీద పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఎవరు చంపారు దీన్ని?"

రేకుల అంచు నుంచి చుక్క పడింది.

"నిన్నే. ఈ బోల్టు బిగించిందెవరు?"

"నేనే నాన్నా."

"గీత పెట్టావా?"

"పెట్టా."

"పెట్టాక మళ్లీ తిప్పావా?"

"తిప్పా."

"ఎందుకు?"

"అనుమానమొచ్చింది."

"అనుమానమా! ఆ అనుమానం రాకూడదనే కదే గీత పెట్టేది! గీత కనబడుతుండగా మళ్లీ తిప్పావంటే, నీ గీతను నువ్వే నమ్మలేదన్నమాట. మరి నేనెందుకు నమ్మాలి?"

నేను వృత్తిరీత్యా ఎందరి వాదనలనో విన్నాను. ఆ విచారణలో ఒక్క ప్రశ్న కూడా తప్పు కాదు. జవాబు చెప్పవలసిన మనిషి మాత్రమే వేరు.

"ఒరేయ్ తమ్ముడూ, అసలు సంగతి..." అని నేను లేచాను.

"అత్తా," అంది నా మేనకోడలు నా వైపు తిరక్కుండానే. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడు."

పొయ్యి మీద పాలు లేవు. అవి ఇంకా వాడి కాళ్ల దగ్గర ప్యాకెట్టులోనే ఉన్నాయి. నేను మళ్లీ కూర్చున్నాను.

వాడు చెయ్యి చాపాడు. "సుద్ద ఇటివ్వు."

ఆమె వేళ్లకు గ్రీజు ఉంది. ఆ వేళ్లను ప్యాంటుకు శుభ్రంగా తుడుచుకుంది, సుద్దకు మరక అంటకుండా. జేబులోంచి తీసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని తన జేబులో వేసుకున్నాడు.

"లే. జరుగు. నేను చూస్తా."

తర్వాత జరిగింది చెప్పడం కష్టం. ఎందుకంటే ఆ కాసేపూ వాడు పూర్తిగా పాత మనిషే. ట్యాప్‌కు కొత్తగా గ్రీజు పూశాడు, లోహపు రజను లోపలికి రాలకుండా దానికే అంటుకోవాలని. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి.

"తొయ్యకు. దానికి దారి తెలుసు. నువ్వు నిటారుగా పట్టుకుంటే చాలు. చూస్తున్నావా?"

"చూస్తున్నా నాన్నా."

"కోపం వచ్చిందా?"

"లేదు."

"రావాలి. వస్తే మళ్లీ చెయ్యవు."

రంధ్రం కడిగాడు. ఉక్కు చుట్టను ఎక్కించి, అంచుకు కొంచెం లోపలికి దించి, దాని కొసన ఉన్న చిన్న కొక్కెం విరిచి, అది ఇంజనులో పడకుండా ముక్కుపటకారుతో బయటకు లాగాడు. కొత్త వాషరు వేసి, బోల్టును ముందు వేళ్లతో, తర్వాత స్పానర్‌తో తిప్పాడు. మోచెయ్యి పక్కటెముకకు ఆనగానే ఆగాడు.

"ఇక్కడ. చూశావా? ఇక్కడ ఆగాలి."

గీత గీశాడు. వాడు తిన్నగా చేసిన ఆఖరి పెద్ద పని అదే. ఆయిలు పోసి, గుడ్డ తీసుకుని ఇంజను తుడిచాడు. గీత పోయింది.

అప్పుడే పోస్ట్‌మాన్ గేటు దగ్గరకు వచ్చాడు. "పెద్దమేస్త్రీ! నా గుర్రం లేచిందా? ఉత్తరాలు మోసి మోసి నా భుజం ఒకపక్కకు ఒరిగిపోయింది."

"లేచింది. ఇంకొంచెం అయితే నీ ఆయిలంతా రోడ్డు తాగేది. మా అమ్మాయి గూడు చంపేసింది."

"చిన్నమేస్త్రీయా? నేను నమ్మను."

"నేనూ నమ్మలేదు. అదే ఒప్పుకుంది. ఏం చేస్తాం, చెయ్యి బరువు."

పోస్ట్‌మాన్ ఆమె ముఖం చూసి, పరిహాసం మానుకుని, చెప్పులకంటిన బురద గీసుకోవడం మొదలుపెట్టాడు. మా తమ్ముడు వెనక్కి తిరిగాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఇంజను వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, నా మేనకోడలికీ తెలుసు. వాడు లేచి, సరైన కొలత స్పానర్ కోసం గోడకున్న పలక వైపు తిరిగాడు.

ఆమె దగ్గర సుద్ద లేదు. ఉంటే ఒక్క గీతతో సరిపోయేదని ఆమెకు అప్పుడే తట్టింది. చుట్టూ చూసింది. పక్కనున్న గోడ సున్నం వేసినది, రాత్రి వానకు చెమ్మగిల్లి ఉంది. దాని మీద బొటనవేలు గట్టిగా రుద్ది, వంగి, బోల్టు తల మీద నుంచి ఇంజను ఒంటి మీదకు ఆ వేలితో లాగింది.

వాడు స్పానర్‌తో తిరిగొచ్చి వంగాడు. గీత ఉంది. కొంచెం వెడల్పుగా ఉంది, అయినా గీతే.

"గీత ఉంటే ముట్టకు," అన్నాడు కూతురితో, పాఠం చెబుతున్నట్టు. స్పానర్ కింద పెట్టేశాడు.

"సరే నాన్నా."

ఆ రోజు తర్వాత మా షెడ్డులో ఒక్క గూడు కూడా చెడలేదు. వాడు తుడవడం, ఆమె వెనకే వచ్చి గోడ సున్నంతో గీత పెట్టడం, వాడు చూసి ఆగడం. ఇంట్లో నా పాత సుద్దపెట్టె ఉంది. తెచ్చిస్తానన్నాను. వద్దంది. "సుద్ద ఆయన తీసేసుకున్నాడత్తా. మళ్లీ ఆయనే ఇవ్వాలి." ఇస్తాడనే అనుకుంది. ప్రతి పనీ వాడి కళ్లెదుటే చేసేది, పని కాగానే లేచి పక్కన నిలబడి ఎదురుచూసేది, చిన్నప్పటిలాగే.

వాడి మరపు తనదైన వరసలో నడిచింది. ముందు వారాలు, తర్వాత వీధులు, తర్వాత భార్య పోయిన సంగతి. ప్రతిసారీ కొత్తగా చెప్పవలసి రావడంతో అది చెప్పడమే మానేశాం. కూతురి చెయ్యి బరువన్న మాట మాత్రం పోలేదు. కోపంతోనో బాధతోనో మనసులో నాటుకున్నది అన్నిటికంటే ఆఖరున పోతుందని డాక్టరు అన్నాడు. అది వాడి చెవిన పడిన అబద్ధం. వాడిలో చివరిదాకా నిలిచిన నిజం అదొక్కటే అయింది.

మెట్లు దిగడం మానేశాక, మందుసీసా మూత కూడా ఆమెను పెట్టనిచ్చేవాడు కాదు. "నువ్వొద్దు. అక్కను పెట్టమను. నువ్వు మర చెడగొడతావు." చివరి చలికాలానికి ఆమె తన కూతురన్న సంగతీ పోయింది. నన్ను దగ్గరకు పిలిచి, గుసగుసగా, "అక్కా, ఆ అమ్మాయి మంచిదే. పని కూడా వచ్చు. కాని సుద్ద మాత్రం ఇవ్వనీకు," అన్నాడు. ఆ అమ్మాయి వాడి కాళ్లకు నూనె రాస్తోంది.

"ఒరేయ్, ఆ బోల్టు చెడగొట్టింది..." అన్నాను. ఎన్నాళ్లుగానో నా గొంతులో ఉన్న వాక్యం అది. ఆమె నూనెచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

బయటకు వచ్చాక అడిగాను. "ఇంకా ఎందుకే? ఇప్పుడు తెలిసినా వాడు స్పానర్ వదిలేసేది ఏముంది?"

"ఇప్పుడు చెబితే ఎవరికి చెప్పినట్టత్తా?"

వాడు పోయే ముందు వారం పోస్ట్‌మాన్ చూడటానికి వచ్చాడు. మా తమ్ముడు చొక్కా జేబు తడిమి, అరిగిన సుద్దముక్కలు రెండూ తీసి పోస్ట్‌మాన్ చేతిలో పెట్టాడు. "నువ్వు జాగ్రత్త గలవాడివి. ఇవి నీ దగ్గరుంచు," అన్నాడు. జీవితంలో స్పానర్ పట్టని ఆ పెద్దమనిషి సిగ్గుతో కుంచించుకుపోయి, కిందకు దిగి, నా మేనకోడలి ముందు అరచెయ్యి తెరిచాడు.

"తీసుకో తల్లీ. ఇది నీదే. ఊరందరికీ తెలుసు."

ఆమె వాటిని చూసింది. రెండిట్లో తనది ఏదో ఆమెకు తెలుసు, ఒకవైపు చదునుగా అరిగి ఉంది. అయినా ముట్టుకోలేదు.

"పోస్టులో వచ్చింది చెల్లదు బాబాయ్," అని నవ్వింది. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్లి, నీళ్ల పంపు తిప్పి, అది నిండుగా పారుతున్నంతసేపూ అక్కడే ఉండిపోయింది.

వాడు పోయి ఎనిమిదేళ్లయింది. పోస్ట్‌మాన్ బండి ఇంకా తిరుగుతోంది, ఆ గూడు ఒక్క చుక్క కార్చలేదు. షెడ్డులో ఇప్పుడు నలుగురు పని చేస్తున్నారు. నలుగురికీ సుద్ద నా మేనకోడలే ఇచ్చింది. ఆమె జేబులో సుద్ద లేదు. బోల్టు బిగించాక లేచి గోడ దగ్గరకు వెళ్లి, బొటనవేలు సున్నానికి రుద్దుకుని వచ్చి, గీత పెడుతుంది.